కారు సెల్ఫ్ తీసుకోవడం లేదా? కొనేముందు కొలిచి చూడండి

తాళం తిప్పితే టకటకమనే చప్పుడు తప్ప ఇంజిన్ కదలదు. అప్పుడు ఎక్కువమంది చేసే పని బ్యాటరీ దుకాణానికి ఫోను చేయడం. కొత్త బ్యాటరీ వస్తుంది, కారు స్టార్టవుతుంది, నెల తిరక్కుండానే మళ్లీ అదే టకటక. తిరుపతిలో బ్యాటరీలకు కొదవ లేదు, ఊరి పక్కన కరకంబాడిలోనే అమరరాజా ఫ్యాక్టరీ ఉంది. కొదవల్లా బ్యాటరీ నిజంగా పోయిందో లేదో చూసే ఓపికకే.

ఇంటి కారులో కరెంటు సమస్య వస్తే నేను మొదట అనుమానించేది భాగాలను కాదు, జాయింట్లను. వదులైన క్లాంపు (బ్యాటరీ మీద కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు), తుప్పు పట్టిన ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను కారు బాడీకి కలిపేది), వేడికి కాలిన కనెక్టర్, ఎవరో తొందరలో అతికించి వదిలేసిన అదనపు వైరు. వీటిని బాగుచేయడానికి దుకాణంలో కొనాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. ఎక్కడుందో వెతకడమే అసలు పని. ఆ వెతుకులాట ఏ వరసలో సాగాలో చెబుతాను.

చేతిలో ఉండాల్సినవి

కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు. దానికి తోడు 10 నంబరు స్పానర్, టెస్ట్ ల్యాంపు, ఉప్పు కాగితం, పాత టూత్ బ్రష్, ఇన్సులేషన్ టేపు, వంటింట్లోంచి రెండు చెంచాల సోడా ఉప్పు. బానెట్ ఎత్తే ముందు ఉంగరాలు, లోహపు గొలుసు ఉన్న వాచీ తీసి జేబులో వేసుకోండి. వేంకటేశ్వరస్వామి ఉంగరమైనా సరే. బ్యాటరీ పాజిటివ్‌కూ కారు బాడీకీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది.

బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దాని దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు, సిగరెట్ వద్దు. స్టీరింగ్ కింద, సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌లవి, వాటి జోలికి పోవద్దు. బండి హైబ్రిడ్ అయితే నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా మామూలు పెట్రోలు, డీజిల్ కార్ల 12 వోల్టుల వ్యవస్థకే.

ముందు చెవి, తర్వాత మీటరు

తాళం తిప్పినప్పుడు ఏం జరుగుతోందో గమనిస్తే సగం దారి తెలిసిపోతుంది. డ్యాష్‌బోర్డులో దీపాలే వెలగలేదంటే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయింది, లేదా క్లాంపు ఊడింది, లేదా మెయిన్ ఫ్యూజు పోయింది. దీపాలు వెలిగి, తాళం తిప్పగానే మసకబారి టకటకమంటే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా జాయింట్ మురికి పట్టింది. దీపాలు దేదీప్యంగా ఉండి ఒక్కసారి టక్‌మని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి, దాని ఎర్త్ మీదికి వెళ్లాలి. దీపాలు బాగున్నా అసలు ఏ చప్పుడూ లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ బండి అయితే గేరు పార్కింగ్‌లో ఉందా అని చూసుకోండి. నవ్వుకోకండి, టోయింగ్ బండి వచ్చాక ఈ సంగతి బయటపడిన సందర్భాలు తక్కువేమీ కావు. ఇక సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. అది పెట్రోలు పంపు, దాని ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), లేదా తాళంలోని చిప్పును బండి గుర్తించకపోవడం. బటన్ స్టార్ట్ ఉన్న కార్లలో తాళంలోని బిళ్ల బ్యాటరీ అయిపోతే బండి తాళాన్ని గుర్తించక అసలు సెల్ఫే తిరగదు. చాలా తాళాల్లో అది సీఆర్‌2032, వాచీ దుకాణంలో దొరుకుతుంది.

ఇప్పుడు మీటరు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర మొన పాజిటివ్ మీద, నల్ల మొన నెగటివ్ మీద ఆనించండి. బండి కనీసం రాత్రంతా ఆగి ఉన్నాక చూసిన అంకె నమ్మదగినది, ఇప్పుడే తిరిగివచ్చి ఆపిన బండిలో అంకె ఎక్కువ చూపిస్తుంది. బ్యాటరీలో ఆరు సెల్‌లు ఉంటాయి, ఒక్కొక్కటి దాదాపు 2.1 వోల్టులు. అందుకే నిండు బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే ఇంచుమించు అడుగంటినట్టు. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఒక సెల్ చచ్చింది, ఆ బ్యాటరీతో ఇక పేచీ అనవసరం.

మీటరును అలాగే ఉంచి ఇంట్లో ఎవరినైనా తాళం తిప్పమనండి. అంకె పడిపోతుంది. నిండుగా చార్జయిన బ్యాటరీ సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కూడా 9.6కు దిగువకు పోకూడదు. 12.6 చూపించి, తాళం తిప్పగానే 7కో 8కో కూలిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. 12.1 దగ్గర మొదలై కూలితే మాత్రం తీర్పు చెప్పకండి. ముందు పూర్తిగా చార్జ్ చేయించి మళ్లీ చూడండి. బాగున్న బ్యాటరీలు పాతసామానుకు వెళ్లిపోయేది సరిగ్గా ఇక్కడే.

చలి దేశాల్లో బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మన దగ్గర దాన్ని చంపేది ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటిన రోజున రేణిగుంట రోడ్డులో ట్రాఫిక్‌లో నిలిచిన కారు బానెట్ కింద వేడి ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆ వేడికి లోపలి సీసపు పలకలు త్వరగా తుప్పు పడతాయి, నీరు ఆవిరవుతుంది. మూతలు తెరిచి నీళ్లు పోసే రకం అయితే వేసవిలో నెలకోసారి మట్టం చూడండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ల సంగతి సరేసరి, ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. మన ఎండల్లో మూడు నాలుగేళ్లు నడిస్తే బ్యాటరీ తన వంతు పని చేసినట్టే.

తెల్లని బూజు, కనపడని బూజు

క్లాంపు చుట్టూ తెల్లగానో నీలిపచ్చగానో పొడి పేరుకుందా? ముందు నెగటివ్ క్లాంపు విప్పండి, తర్వాతే పాజిటివ్. వరస ఎందుకంటే, నెగటివ్ ఇంకా బిగించి ఉండగా పాజిటివ్ నట్టు విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిస్తే నేరుగా షార్ట్. నెగటివ్ తీసేశాక స్పానర్ బాడీకి తగిలినా ఏమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్.

గ్లాసుడు వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి క్లాంపుల మీద కొద్దికొద్దిగా పోయండి. బుసబుస పొంగుతుంది, ఆ పొంగు ఆగేదాకా పోస్తూ బ్రష్‌తో రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి దిగకుండా చూసుకోవాలి, దిగితే లోపలి ఆసిడ్‌ను చెడగొడుతుంది. తుడిచి ఆరనిచ్చాక క్లాంపు లోపలి గుండ్రాన్ని, బ్యాటరీ మీది సీసపు పోస్టును ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకండి. చాలామంది పైపైన తుడిచి వదిలేస్తారు. కరెంటు ప్రవహించేది లోపలి వైపు నుంచి. బిగించాక చేత్తో తిప్పితే క్లాంపు కదలకూడదు. పైన కాస్త వ్యాజలీన్ రాస్తే బూజు ఆలస్యంగా వస్తుంది.

కంటికి శుభ్రంగా కనిపించే జాయింట్ కూడా మోసం చేయగలదు. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది, ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి. మీటరు ఒక మొనను బ్యాటరీ పోస్టు నడినెత్తిన ఆనించండి. రెండో మొనను అదే పోస్టుకు బిగించిన క్లాంపు మీద ఆనించండి. రెండూ ఒకే చోట ఉన్నట్టే కదా, అంకె సున్నా చూపించాలి. ఇప్పుడు తాళం తిప్పించండి. సెల్ఫ్ తిరుగుతుండగా కూడా సున్నాకు దగ్గరగా ఉంటే జాయింట్ బాగుంది. అర వోల్టు చూపిందంటే అక్కడే కరెంటు ఇరుక్కుంటోంది. మిద్దె మీద ట్యాంకు నిండా నీళ్లున్నా పైపులో పాచి పట్టి కుళాయి సన్నగా కారినట్టు, బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్‌కు అందదు.

అదే పరీక్షను నెగటివ్ పోస్టుకూ ఇంజిన్ లోహానికీ మధ్య చేయండి. పెయింటు లేని చోట, ఒక బోల్టు తల మీద ఆనించాలి. సెల్ఫ్ తిరుగుతుండగా 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు దోషి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒక మందపాటి వైరు, ఇంజిన్ నుంచి బాడీకి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి సాధారణంగా ఉంటాయి. వాటి బోల్టులు విప్పి, కింది లోహాన్ని గీకి తిరిగి బిగిస్తే చాలాసార్లు కథ ముగుస్తుంది.

ఎర్త్ చెడితే వచ్చే లక్షణాలు వింతగా ఉంటాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మిణుకుమిణుకుమంటుంది. ఒక హెడ్‌లైటు తెల్లగా, ఇంకొకటి పసుపుగా వెలుగుతుంది. హారన్ కొడితే డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు పక్క దీపం గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. దీనికి బల్బులు మార్చడం డబ్బు దండగ.

చార్జింగు, కొండదారి

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ పూర్తిగా వేసినా 13.5కు పైన నిలవాలి. కొత్త కార్లలో కొన్ని ఇంధనం ఆదా కోసం చార్జింగును కంప్యూటర్‌తో తగ్గిస్తుంటాయి, అందుకే లైట్లు వేసి చూడమంటున్నాను. 12.4 దగ్గర మొదలై నెమ్మదిగా దిగుతూ పోతుంటే డైనమో చార్జ్ చేయడం లేదు. ముందు బెల్టు వదులైందా, వెనక ప్లగ్గు ఊడిందా చూడండి. 15 దాటితే డైనమో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడైంది, అది బ్యాటరీని ఉడికించేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే వెంటనే ఇంజిన్ ఆపండి.

తిరుమలకు సొంత కారులో వెళ్లేవారు ఈ పరీక్షను ముందు రోజే చేసుకోవాలి. కొండకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగుతారు. అలిపిరి దాటాక మధ్యలో బండి తిప్పుకుని వెనక్కి వచ్చే వీల్లేదు. ఎర్ర బ్యాటరీ దీపం అలిపిరికి ముందే వెలిగితే అక్కడే ఆగిపోండి, పైకి బస్సులున్నాయి. ఘాట్‌లో వెలిగితే ఏసీ, పాటలు, ఫోను చార్జర్ అన్నీ ఆపేయండి. బ్యాటరీ ఒక్కటే ఇంజిన్‌ను కొంతదూరం లాగుతుంది. ఉష్ణోగ్రత ముల్లు మీద కన్నుంచండి. చాలా కార్లలో డైనమోను తిప్పే బెల్టే నీళ్ల పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగి ముల్లు పైకి పోతుంటే వెడల్పైన చోట పక్కకు తీసి ఆపడం తప్ప గత్యంతరం లేదు. వోల్టేజీ బాగా పడిపోతే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపుల్లో అది చిన్న విషయం కాదు. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేవారు ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు వ్యాక్యూమ్ సాయం పోతుంది. ఆ పొదుపు వద్దు.

రెండు రోజులు నిలిపితే దిగిపోతోందా?

కారు కొండ కింద నిలిపి, మెట్లదారిన కొండెక్కి, దర్శనం ముగించుకుని మూడో రోజు వచ్చేసరికి బండి ఉలకదు పలకదు. బ్యాటరీ బాగుంది, చార్జింగు బాగుంది. అయితే ఏదో ఒకటి రహస్యంగా కరెంటు తాగుతోంది. డిక్కీలోని 5 వాట్ల చిన్న దీపం మూత సరిగ్గా పడక వెలుగుతూనే ఉందనుకోండి. అది దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు రోజులు నిండకముందే సగానికి పడిపోతుంది.

కొలవాలంటే బండి ఆపి, నెగటివ్ క్లాంపు విప్పి, మీటరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి, పోస్టుకూ క్లాంపుకూ మధ్య కలపండి. అలా కలిపి ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పవద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపులన్నీ మూసి లాక్ చేసి, తాళాన్ని దూరంగా పెట్టి, అరగంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. తర్వాత 0.05 ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఎక్కువైతే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడటం పాత పద్ధతి. దానికన్నా మంచిది, మీటరును మిల్లీవోల్టులకు మార్చి ప్రతి ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు లోహపు చుక్కల మీద మొనలు ఆనించడం. కరెంటు ప్రవహించని ఫ్యూజు సున్నా చూపుతుంది. అంకె కదిలిన ఫ్యూజే దొంగకు దారి. దీంతో ఏదీ పీకనక్కర లేదు, నిద్రపోయిన కంప్యూటర్లూ లేవవు.

దొంగ ఎక్కువగా కంపెనీ బిగించినది కాదు. తర్వాత మనం బిగించినది: డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, పెద్ద మ్యూజిక్ సిస్టమ్, డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ కింద రంగుల దీపం. తాళంతో నిమిత్తం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే రాత్రంతా తాగుతూనే ఉంటుంది.

ఫ్యూజులు, బల్బులు

ఒక ఫ్యూజు పెట్టె బానెట్ కింద, ఇంకొకటి డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. పోయిన చోట అదే అంకె వేయండి. మళ్లీ పోతే పెద్దది వేయడం కాదు, ఎందుకు పోతోందో చూడాలి. ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టే దుర్మార్గం వల్ల వైరింగ్ తగలబడుతుంది. రిలే మీద అనుమానముంటే పక్కన అదే నంబరున్న రిలేతో మార్చి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

హాలోజెన్ హెడ్‌లైటు బల్బు మామూలుగా 60/55 వాట్లు (హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55), అంటే దాదాపు 5 ఆంపియర్లు. వెలుగు చాలలేదని 100/90 బల్బు వేస్తే కరెంటు 8 ఆంపియర్లు దాటుతుంది. కంపెనీ ఇచ్చిన సన్నని వైరు, ప్లాస్టిక్ హోల్డర్ దానికోసం తయారు కాలేదు. హోల్డర్ గోధుమరంగుకు తిరిగి కరిగిందంటే కారణం ఇదే. ఇండికేటర్ వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయింది. బ్రేక్ లైట్లు చూడటానికి రెండో మనిషి అక్కర్లేదు, రాత్రిపూట గోడ వైపు వెనక్కి నిలిపి తొక్కితే తెలుస్తుంది.

జంప్ స్టార్ట్

అంటే ఇంకో బండి బ్యాటరీ సాయంతో మన బండిని స్టార్ట్ చేయడం. రెండు బండ్లూ 12 వోల్టులవే కావాలి. లారీతో వద్దు, అది 24. ఎర్ర కేబుల్ ముందు చార్జ్ పడిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కు, దాని రెండో కొస చార్జ్ పడిపోయిన కారు ఇంజిన్ మీద పెయింటు లేని లోహానికి. బ్యాటరీకి దూరంగా పెడితే నిప్పురవ్వ వచ్చినా గ్యాసుకు తగలదు. మంచి బండిని ఐదు నిమిషాలు నడిపి, అప్పుడు తాళం తిప్పండి. విప్పేటప్పుడు తలకిందులుగా. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ గేరు బండికే పనికివస్తుంది. బ్యాటరీలో కొంచెమైనా ఊపిరి లేకపోతే పెట్రోలు పంపు తిరగదు కాబట్టి ఎంత తోసినా ఆయాసమే మిగులుతుంది.

వానలు, ఎలుకలు

తిరుపతికి గట్టి వానలు నవంబరు ప్రాంతంలో వస్తాయి, 2021 నవంబరు వరద ఊరికి ఇంకా గుర్తుంది. నిలిపి ఉన్న కారులోకి నీరు తివాచీ దాకా వస్తే స్టార్ట్ చేసి చూడాలన్న కోరికను అణచుకోండి. వీలైతే నెగటివ్ క్లాంపు తీసి, టోయింగ్ బండిని పిలవండి. సీట్ల కింద కనెక్టర్లు, కొన్ని కార్లలో కంప్యూటర్ పెట్టెలు అక్కడే ఉంటాయి. ఇంజిన్‌లోకి నీరు వెళ్లి ఉంటే ఒక్కసారి తాళం తిప్పినా లోపల కడ్డీలు వంగిపోతాయి. ఎలుకల సంగతికొస్తే, మామిడి తోటల పక్కన షెడ్డులో నిలిపే బండ్లకు అది నిత్యపోరు. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. కొరికిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలికమే, టంకం పెట్టించాలి.

ఎలక్ట్రీషియన్ దగ్గరికి

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ దీపాలు వెలుగుతుంటే స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెట్టి చదవాలి. దీపాలన్నీ ఒకేసారి వెలిగితే మాత్రం సెన్సర్లు కొనడానికి ఒప్పుకోకండి, వోల్టేజీ తగ్గినా అలాగే వెలుగుతాయి. స్కానర్‌లో పీ0562 అని వస్తే వోల్టేజీ తక్కువైందనే అర్థం. ఆటో ఎలక్ట్రీషియన్‌కు "బండి స్టార్ట్ కావడం లేదన్నా" అని ఊరుకోకుండా, మీరు కొలిచిన మూడు అంకెలు చెప్పండి: ఆగి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎంత, ఇంజిన్ నడిచేటప్పుడు ఎంత. పని తెలిసినవాడు వెంటనే చెవి ఒగ్గుతాడు. పని పూర్తయ్యాక బానెట్ మూయకముందే మీ మీటరు పెట్టి ఆ మూడూ మళ్లీ చూసుకోండి. కొత్త బ్యాటరీయే వేయించుకుంటే పాతదాన్ని దుకాణంలోనే అప్పగించి, దాని విలువ బిల్లులో తగ్గించారో లేదో చూడండి.